ఆగిపోయే కంప్యూటర్, మా ఆయన ట్రిప్ షీటు

మా ఇంట్లో ఏ వస్తువు మొరాయించినా స్క్రూడ్రైవర్ పట్టుకునేది నేనే. ఇందులో మొహమాటమేమీ లేదు. బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషన్లు బాగుచేయడం నా పని. ఇరవై మూడేళ్ళ సర్వీసు. మూడొందల మిషన్లు ఒక్కసారిగా నడిచే హాల్లో ఎక్కడో ఒకటి తేడాగా మోగితే, అది ఎన్నో వరసలోదో అన్నం తింటూ చెప్పేస్తాను. వదులు స్క్రూ కనబడితే నా చేతులు ఊరుకోవు. అందుకే ఫ్యాక్టరీలో అందరూ నన్ను బోల్టక్క అంటారు. మొదట్లో అలా పిలిస్తే కోపం వచ్చేది. ఇప్పుడు పిలవకపోతే వస్తుంది.

అంతటి నన్ను మా ఇంటి కంప్యూటర్ మూడు చెరువుల నీళ్ళు తాగించింది.

ముందు మా ఆయన సంగతి చెప్పాలి. ఆయన బస్సు డ్రైవరు. పంతొమ్మిదేళ్ళు నడిపారు, బండికి గీత పడనివ్వలేదు. రెండేళ్ళ కిందట డిపోలో చక్రం మారుస్తుండగా జాకీ జారి కుడి మణికట్టు నలిగిపోయింది. చెయ్యి మిగిలింది, పట్టు పోయింది. స్టీరింగ్ మాట అటుంచండి, నీళ్ళగ్లాసు ఎత్తాలన్నా ఎడంచెయ్యే. ఉద్యోగం పోయాక మనిషి మాట తగ్గించేశారు. మా చుట్టాలకు అది లోకువైంది. కరెంటు బిల్లు కట్టాలన్నా, ఎవరింట్లోనో సామాను దించుకోవాలన్నా, "బావ ఖాళీయేగా, పంపించు" అనేవాడు నా తోడబుట్టిన తమ్ముడే. ఆయన వెళ్ళేవారు. నాకు మాత్రం ఒళ్ళు మండేది.

అలాంటి ఆయనకు ఒకరోజు ఫోనొచ్చింది. చూపు లేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివించి రికార్డు చేసే గ్రంథాలయం నుంచి. ఆ గ్రంథాలయం నడిపే ఆవిడకూ చూపు లేదు. పన్నెండేళ్ళు మా ఆయన బస్సులోనే ఆఫీసుకు వెళ్ళిందట. స్టాపు వచ్చినప్పుడల్లా ఆయన సీట్లోంచి పేరు కేకేసి చెప్పేవారు. ఆ గొంతు ఆమెకు గుర్తుండిపోయింది. డిపోలో వాకబు చేసి, నంబరు పట్టుకుని, ఒక నవల చదివిపెట్టమని అడిగింది. ఇరవై రెండు అధ్యాయాలు. ఆరువారాల్లో, ఫలానా శనివారం సాయంత్రం అయిదింటిలోగా అన్నీ పంపాలి. ఆలస్యమైతే పుస్తకం వరుసలో ఉన్న మరో గొంతుకు వెళ్ళిపోతుంది, వినేవాళ్ళు ఎదురుచూస్తున్నారని ముందే చెప్పింది.

ఫోను పెట్టేశాక మా ఆయన చాలాసేపు కిటికీ దగ్గర నిలబడ్డారు. "నా గొంతు గుర్తుపెట్టుకుందటే" అన్నారు. రెండేళ్ళలో ఆ మొహం నేను చూడలేదు.

గ్రంథాలయం వాళ్ళు మైకు ఇచ్చి, మా కంప్యూటర్లో కావలసిన సాఫ్ట్‌వేర్ పెట్టి వెళ్ళారు. అది తమ్ముడు ల్యాప్‌టాప్ కొనుక్కున్నాక మాకు అంటగట్టిన పాత డెస్క్‌టాప్. మొదటి మూడు అధ్యాయాలూ నల్లేరు మీద బండిలా సాగాయి. ఆ సంతోషంలో ఒక ఆదివారం నేను డబ్బా విప్పాను. లోపల దుమ్ము దిండంత. బ్రష్షుతో ఊడ్చి, ఊది, తుడిచి, పనిలో పనిగా అన్ని స్క్రూలూ బిగించి మూసేశాను. అద్దంలా తయారైంది.

మంగళవారం ఆగిపోయింది.

నాలుగో అధ్యాయం, ముప్ఫై ఒకటో నిమిషం. మా ఆయన బయటి చప్పుళ్ళు పడకుండా పరుపు గోడకు ఆనించుకుని, ఫ్యాను ఆపుకుని, చెమటలు కక్కుకుంటూ చదువుతున్నారు. ఉన్నట్టుండి తెర కొయ్యబారి, నల్లబడి, దానంతటదే మళ్ళీ మొదలైంది. చదివిందంతా పోయింది. మళ్ళీ మొదటినుంచి చదివారు. ఈసారి పదకొండో నిమిషంలో పోయింది. మర్నాడు రెండు గంటలు చక్కగా నడిచింది. ఆ తర్వాతి రోజు ఇరవై నిమిషాలు. ఒక లెక్క లేదు, పత్రం లేదు. చిన్న ముక్కలుగా చదివి అతికిద్దామని చూశాం. అతుకుల దగ్గర గొంతు మారిపోతోంది, అధ్యాయం ఒక్క ఊపులో ఉండాలని గ్రంథాలయం ఆవిడ మెత్తగానే తిప్పి పంపింది.

తమ్ముడు వచ్చి వైరస్ అన్నాడు. పూటంతా కూర్చుని అంతా తుడిచేసి మళ్ళీ ఎక్కించాడు. తేడా లేదు. వాడి ల్యాప్‌టాప్ అడిగితే ఆఫీసుది, ఇవ్వకూడదన్నాడు. మరమ్మతు షాపతను రెండురోజులు ఉంచుకుని, "పాతదైపోయిందమ్మా, కొత్తది తీసుకోండి" అన్నాడు. ఎలుకలకు భయపడి ఇల్లు తగలబెట్టుకోమన్నట్టుంది ఆ సలహా. నేనేమన్నా తక్కువ తిన్నానా? తీగ మార్చాను. ప్లగ్గు మార్చాను. కుదిరినప్పుడల్లా డబ్బా విప్పి, స్క్రూలన్నీ చూసి, ఇంకాస్త బిగించి మూశాను. ఎంత చేసినా కుక్కతోక వంకరే.

గడువులో మూడువారాలు దాటేసరికి నా ఓపిక చచ్చిపోయింది. ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి ఆయన మళ్ళీ నల్లతెర ముందు కూర్చుని ఉన్నారు. తొమ్మిదో అధ్యాయం రెండోసారి పోయిందట. నేను ఒంటికాలి మీద లేచాను.

"మిషన్ను అంటే ఏం లాభం? ఆ ఎడంచేత్తో మీరే ఏదో తప్పు నొక్కుతుంటారు!" అన్నాను.

అన్నాక నాలుక కరుచుకున్నాను. నోరు జారితే తీసుకోలేం కదా. ఆయన తన ఎడంచేతిని ఒకసారి చూసుకున్నారు. లేచి వెళ్ళి, మంచం కింద పెట్టెలోంచి ఒక కాగితాల కట్ట తీశారు.

అవి ఆయన బస్సు ట్రిప్ షీట్లు. డ్రైవరు బండెక్కితే ఎన్నింటికి బయలుదేరాడు, ఎన్నింటికి ఆగాడు, ఎక్కడ ఆగాడు, అంతకుముందు బండికి ఏం పని చేయించారు, అన్నీ దాంట్లో రాయాలి. ఆయన ఒక షీటు వెనక్కి తిప్పి, స్కేలు పెట్టి, ఎడంచేత్తో వంకర గీతలు గీసి అవే గడులు వేశారు.

"ఇప్పటిదాకా జరిగినవి గుర్తున్నంతవరకూ రాస్తా. ఇకనుంచి ప్రతి ట్రిప్పూ రాస్తా. ట్రిప్పుకి ఒక్కటే మార్పు. నువ్వు మాత్రం దాన్ని ముట్టుకోకు" అన్నారు.

"పదిహేడు రోజుల్లో పద్నాలుగు అధ్యాయాలు పెట్టుకుని ఈ రాతకోతలేంటండీ?"

"బ్రేక్‌డౌన్ అయిన బండిని నలుగురు నాలుగువైపులా తోస్తే కదలదే. ఒక్కొక్కటీ చూసుకోవాలి."

ఆ గొంతులో ఏదో ఉంది. డ్రైవరు సీట్లో కూర్చున్న మనిషి గొంతు అది. నేను నోరు మూసుకున్నాను. ఇది మా ఇంట్లో తరచుగా జరిగే విషయం కాదు.

మర్నాటినుంచి ఇంటికొచ్చి చూస్తే రోజుకో వేషం. ఒకరోజు డబ్బా తలుపు తీసి ఎదురుగా టేబుల్ ఫ్యాను. అయినా ఆగింది. షీట్లో రాశారు: వేడి కాదు. ఒకరోజు పొడవాటి తీగతో పక్కింటివాళ్ళ కరెంటు. అయినా ఆగింది. కరెంటు కాదు. ఒకరోజు మైకు తీసేసి, రికార్డింగు నడపకుండా, తెరమీద ఊరికే గడియారం బొమ్మ పెట్టి, ముట్టుకోకుండా వదిలేశారు. అయినా ఆగింది. సాఫ్ట్‌వేరూ కాదు, ఆయన ఎడంచెయ్యి అసలే కాదు. ఆ చివరిమాట షీట్లో రాయలేదు. కానీ షీటు నాకు చదవడానికి ఇచ్చారు.

తర్వాత తమ్ముడికి ఫోను చేసి, ర్యామ్ పట్టీలను పరీక్షించే పెన్‌డ్రైవ్ అడిగారు. ర్యామ్ అంటే కంప్యూటర్ పని చేస్తున్నంతసేపూ గుర్తుంచుకోవడానికి వాడే చిన్న పట్టీ. మా దాంట్లో రెండున్నాయి.

"అవన్నీ నీకెందుకు బావా, పెద్ద తలనొప్పి" అన్నాడు వాడు.

"తలనొప్పి నాది. పెన్‌డ్రైవ్ నీది. తెచ్చిపెట్టు" అన్నారు ఈయన.

రెండు పట్టీలూ పెట్టి పరీక్షిస్తే తప్పులు చూపించింది. అయితే పట్టీ పోయినట్టేగా అన్నాన్నేను. ఆయన తల అడ్డంగా ఊపారు. ఒక్కొక్క పట్టీని, లోపలి బోర్డు మీద అవి దిగే రెండు గాడుల్లో ఒక్కొక్క దాంట్లో పెట్టి, నాలుగుసార్లు పరీక్షించారు. ఎడంచేతి బొటనవేలితో నొక్కి నొక్కి వేలు ఎర్రగా కందిపోయింది. అవతలి గాడిలో ఏ పట్టీ పెట్టినా నిక్షేపంగా ఉంది. బోర్డు మీది చిన్న ఫ్యాను పక్కనున్న గాడిలో ఏ పట్టీ పెట్టినా తప్పులే. అంటే పట్టీలు మంచివే, గాడిదే తేడా. సరే, మంచిగాడిలో ఒక్క పట్టీతోనే లాగిద్దామంటే, కంప్యూటర్ నత్తనడక నడిచి రికార్డింగులో మాటలు తెగిపోయాయి.

"గాడి పోతే బోర్డు పోయినట్టే. నేను ముందే చెప్పానుగా" అన్నాడు షాపతను ఫోన్లో. గెలిచినట్టు మాట్లాడాడు.

గడువు ఇంకా సరిగ్గా వారం ఉంది. ఆ శనివారం నాకు ఒంటిపూట. రెండింటికి ఇల్లు చేరేసరికి మా ఆయన బల్లమీద డబ్బా పడుకోబెట్టి, పక్కన టార్చి, షీటు పెట్టుకుని కూర్చున్నారు. నన్ను చూసి లేవలేదు. చెప్పులు విప్పేదాకా ఆగి, షీటు నా వైపు జరిపారు.

"పొద్దున్నే దొరికింది. నువ్వే చదువు" అన్నారు.

చదివాను. ఆగిన రోజులన్నీ తేదీలవారీగా ఉన్నాయి. 'ముందు చేసిన పని' అనే గడిలో మొట్టమొదటి వరస: ఆదివారం, శుభ్రం చేసి స్క్రూలు బిగించారు. మంగళవారం ఆగింది. అక్కడినుంచి కిందికి రండి. స్క్రూలు బిగించారు, ఆగేది ఎక్కువైంది. మళ్ళీ బిగించారు, ఇంకా ఎక్కువైంది. ఆయన నన్ను ముట్టుకోవద్దన్న తర్వాత పది రోజులూ ఎక్కువా కాలేదు, తక్కువా కాలేదు.

నాకు చెవులు వేడెక్కాయి.

"అయితే ఏంటి? నేను పాడుచేశాననా? ఇరవై మూడేళ్ళనుంచి బిగిస్తున్నా, నా చేతిలో ఒక్క మిషనూ చెడిపోలేదు!"

"కుట్టుమిషన్ ఇనుమే. ఇది అట్టముక్క."

"మాటలొద్దు. చూపించండి."

ఆయన చూపించలేదు. నా పనిసంచిలోంచి నా స్టీలు స్కేలు తీసి నా చేతికే ఇచ్చారు. అక్కడే నన్ను పట్టేశారు. మిషన్ పలక వంగిందో లేదో మేం చూసే పద్ధతి అదే. స్కేలు నిలువుగా ఆనించి, వెనకనుంచి లైటు వేస్తే, సందులోంచి వెలుగు రాకూడదు. బోర్డు అంచున, ఫ్యానుకీ ఆ గాడికీ పక్కగా స్కేలు ఆనించాను. ఆయన వెనకనుంచి టార్చి వేశారు.

వెలుగొచ్చింది. సన్నగా, వెంట్రుకంత సందులోంచి, నా మొహం మీదికి.

ఫ్యానును పట్టుకున్న నాలుగు స్క్రూలనూ నేను బిగించిన బిగింపుకి బోర్డు వంగి, పక్కనున్న గాడి నోరు తెరుచుకుంది. ఫ్యాను అదురుకి బోర్డు కాస్త కదలగానే పట్టీకి పట్టు తప్పుతోంది. ఆగిపోతోంది. ఆగిన ప్రతిసారీ దాన్ని నాకే అప్పజెప్పాం, దొంగ చేతికి తాళాలిచ్చినట్టు. గురివింద గింజ తన నలుపెరగదంటారు, నేను మా ఆయన చేతిని అన్నాను.

"నేనే" అన్నాను. "నేనేనండీ. మీ చేతిని అన్నాను కానీ, నా చెయ్యే."

ఆయన షీటు మడిచి జేబులో పెట్టుకున్నారు. "ట్రిప్ షీట్లో ఎవరివల్ల అనే గడి ఉండదే. ఎప్పుడు, ఎక్కడ, ఏం చేశాం, అంతే. పద, స్క్రూడ్రైవర్ తీయి. పొద్దున్నించీ చూస్తున్నా, నువ్వు బిగించింది నా ఎడంచేతికి కదల్లేదు."

ఆ మాటకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. పొద్దున దొరికింది కదా, తమ్ముణ్ణి పిలిచి విప్పించేసి, నాకు చెప్పకుండా ఉండొచ్చు. మొగుడు పెళ్ళాన్ని కాపాడానని అనుకోవచ్చు. అలా చేసుంటే నేను జీవితాంతం తెలివితక్కువగా బతికేదాన్ని. ఆయన నా స్కేలుతో నాకే చూపించారు. పనివాళ్ళం పనివాళ్ళకు ఇచ్చే మర్యాద అదే.

"వదులు చేసేటప్పుడు ఒకే స్క్రూ మొత్తం తిప్పకు. ఒకదానికి పావు తిప్పు, తర్వాత దాని ఎదురుమూలది. బస్సు చక్రం నట్లు ఇలాగే చూస్తాం. వరసగా పోతే చక్రం ఓరగా కూర్చుంటుంది" అన్నారు.

తిప్పాను. పావు. ఎదురుమూల పావు. ఇరవై మూడేళ్ళలో నాకు ఎవరూ పక్కన నిలబడి స్క్రూ ఎలా తిప్పాలో చెప్పలేదు. చెప్పనిచ్చి ఉండేదాన్నీ కాదు. నాలుగు చుట్లు తిరిగాక మళ్ళీ స్కేలు ఆనించాను. వెలుగు రాలేదు. రెండు పట్టీలూ రెండు గాడుల్లో పెట్టి పరీక్ష మొదలుపెట్టాం. మూడుగంటలసేపు ఇద్దరం సినిమా చూస్తున్నట్టు ఆ అంకెలవైపే చూస్తూ కూర్చున్నాం. తప్పులు: సున్నా.

పెన్‌డ్రైవ్ కోసం తమ్ముడు ఫోను చేశాడు. మా ఆయన స్పీకర్లో పెట్టారు.

"దొరికిందా బావా? ఏంటంట?"

"ఏం లేదురా, లోపల ఏదో కాస్త..." అని నసుగుతున్నారు. నన్ను తప్పించడానికే. నేను ఫోను లాక్కున్నాను.

"ఒరేయ్, నేను చెప్తా విను. తప్పు నాది. స్క్రూలు బిగించి బోర్డు వంచేశాను. వైరస్ అని నువ్వు పూటంతా తుడిచావు, కొత్తది కొనమని షాపతను చెప్పాడు, ముగ్గురం కలిసి తిలాపాపం తలా పిడికెడు పంచుకున్నాం. పట్టుకుంది మీ బావ ఒక్కరే. ఎడంచేత్తో గీసిన కాగితం మీద పట్టుకున్నారు. విన్నావా?"

"విన్నానక్కా" అన్నాడు వాడు. "బావా, మా ఆఫీసులో కూడా ఒకటి ఇలాగే ఆగిపోతోంది. ఒకసారి వచ్చి చూస్తారా?" అన్నాడు.

పుట్టి బుద్ధెరిగాక వాడు బావను మీరు అనడం అదే మొదలు. మా ఆయన నావైపు చూసి కనుబొమలెగరేశారు. "పుస్తకం అయ్యాక చూస్తాలే. ఇప్పుడు ఖాళీ లేదు" అన్నారు.

నాకు కడుపు నిండిపోయింది.

ఆ వారమంతా పొద్దున్నే లేచి, రోజుకి రెండు మూడేసి అధ్యాయాలు చదివారు. ఫ్యాక్టరీకి వెళ్ళేముందు ఒక అధ్యాయం అయ్యేదాకా నేను గుమ్మం బయట కూర్చుని కాపలా కాసేదాన్ని. పేపరబ్బాయి బెల్లు మోగించబోతే చెయ్యి పట్టుకున్నాను. పై అంతస్తువాళ్ళు మిక్సీ వేస్తే మెట్లెక్కి వెళ్ళి, మళ్ళీ వేయకుండా చెప్పొచ్చాను. ఎలా చెప్పానని అడక్కండి. కంప్యూటర్ ఒక్కసారి కూడా ఆగలేదు. ఆయన మాత్రం ప్రతి ట్రిప్పూ షీట్లో రాశారు. బయలుదేరింది, చేరింది. బయలుదేరింది, చేరింది.

శుక్రవారం మధ్యాహ్నానికి ఇరవై రెండో అధ్యాయం పూర్తయింది. నేను ఆ రోజు సెలవు పెట్టాను. ఇరవై మూడేళ్ళలో జబ్బు లేకుండా పెట్టిన సెలవు అదొక్కటే. అన్నీ పంపించేశాక గ్రంథాలయం ఆవిడ ఫోను చేసింది. అన్నీ అందాయనీ, బాగున్నాయనీ, ఒక్క ముక్క మిగిలిందనీ చెప్పింది. పుస్తకం మొదట్లో చదివినవాళ్ళ పేరు వాళ్ళ గొంతులోనే ఉండాలట. వినేవాళ్ళకు అట్ట కనిపించదు కదా, ఎవరు చదువుతున్నారో చెవికి తెలియాలి అంది.

ఆయన మళ్ళీ మైకు ముందు కూర్చున్నారు. ఈసారి నన్ను గుమ్మం బయటికి పంపలేదు. నేను పరుపు పక్కన నిలబడి ఊపిరి బిగబట్టాను. ఇరవై రెండు అధ్యాయాలు తడుముకోకుండా చదివిన మనిషి, ఆ ఒక్క వాక్యం దగ్గర గొంతు సవరించుకున్నారు. రెండోసారి సవరించుకున్నారు. తర్వాత వెన్ను నిటారుగా పెట్టి, వెనకసీటు దాకా వినపడేలా, ఇంటిపేరుతో సహా తన పేరు చెప్పారు.

తెరమీద గీత లేచి, సాఫీగా కిందికి దిగింది. ఆయన ఆపేసి నావైపు తిరిగారు.

"వచ్చిందా?" అన్నారు.

చాలా బాగా వచ్చింది. ఒక్క లోపం లేదు.

"సరిగ్గా వినపడలేదండీ, ఇంకోసారి చెప్పండి" అన్నాను.